బాకీ పక్కన రాసిన మేలు: ఒక కౌన్సెలింగ్ కేస్ స్టడీ

మా దగ్గరకు కౌన్సెలింగ్‌కు వచ్చిన ఒకాయన కేసు ఇది. పేరు రాయలేదు. పల్లె, పిల్లల చదువుల వివరాలు మార్చాను. గుర్తుపట్టే వీలున్న చోట సంఘటనల వరసను, కొన్ని అంకెలను కూడా మార్చాను. రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. ముందుగా చదివి ఒక పేరా తీసేయమంటే తీసేశాను.

కష్టంలో ఉన్న మనిషికి కృతజ్ఞత అలవాటు చేసే పద్ధతులు ఇప్పుడు అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి. అవి చాలామందికి పనికొస్తాయి. అప్పుల్లో ఉన్న మనిషి విషయంలో మాత్రం అవే ఎదురు తిరగొచ్చు. ఎందుకు తిరుగుతాయో, ఏం మారిస్తే పనిచేస్తాయో ఈ కేసులో దగ్గరగా కనిపించింది.

నేపథ్యం

వయసు 46. నల్లగొండ వైపు పల్లె నుంచి ఇరవై ఏళ్ల కిందట హైదరాబాద్ వచ్చారు. మొదట ఒక హోటల్లో వంటమాస్టరు కింద హెల్పరు. తర్వాత హాస్టళ్లు కిక్కిరిసిన ఒక గల్లీలో సొంత కర్రీ పాయింట్. అది పద్నాలుగేళ్లు నడిచింది. తెల్లవారుజామున మూడున్నరకు లేచి బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లి కూరగాయలు తెచ్చేవారు. పదకొండుకల్లా పప్పు, నాలుగు కూరలు, సాంబారు, రసం కౌంటర్ మీద ఉండాలి. మధ్యాహ్నం రెండు గంటలు నిద్ర, మళ్లీ పొయ్యి. రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా అసలు గిరాకీ. కవర్లు కట్టేది భార్య.

బిల్డింగ్ ఓనరు స్థలాన్ని డెవలప్‌మెంట్‌కు ఇచ్చి, ఖాళీ చేయడానికి నెల గడువిచ్చారు. రెండు గల్లీల అవతల మడిగె తీసుకున్నారు. అడ్వాన్సు, పొగ గొట్టం, గ్యాస్ లైను, కొత్త కౌంటరు అన్నీ అప్పు మీదే. హాస్టల్ పిల్లలు మెట్లు దిగి పది అడుగుల్లో దొరికితే కొంటారు గానీ, రెండు గల్లీలు నడిచి రారు. ఎనిమిది నెలలకు షట్టరు దించేశారు.

మా దగ్గరకు వచ్చేనాటికి ఒక హాస్టల్ మెస్‌లో వంట సూపర్‌వైజరు, జీతం 24,000. బాకీలు మొత్తం 8,80,000. అందులో 4 లక్షలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినవి, అంటే నెలకు 12,000 మిత్తే. ఎత్తేసుకున్న చిట్టీకి నెలకు 10,000 చొప్పున ఇంకా పద్నాలుగు వాయిదాలు. భార్య గాజులు, గొలుసు 1,60,000కు గిరివి. బావమరిది మిత్తి లేకుండా ఇచ్చినవి 1,80,000. మిత్తీ చిట్టీ కట్టాక జీతంలో రెండు వేలు మిగిలేది. ఇల్లు నడిచేది భార్య ఇంట్లో కుట్టే చీరల ఫాల్, పీకో మీద.

వచ్చిన సమస్య

అపాయింట్‌మెంట్ తీసుకున్నది కూతురు. "డాడీ ఎవ్వరి ఫోన్ ఎత్తుతలేరు, పెండ్లిళ్లకు పోతలేరు" అని ఆ అమ్మాయి ఫిర్యాదు. ఆయన చెప్పిన లక్షణాలు: రాత్రి పదకొండుకు పడుకుంటే మూడున్నరకు ఠక్కున మెలకువ, తర్వాత తెల్లారేదాకా లెక్కలు. ఆకలి తగ్గింది. మెస్‌లో పిల్లల మీద అరుపులు. పాత మడిగె ఉన్న గల్లీ తగలకుండా బస్సు మారి మరీ వెళ్లడం.

డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిని తెలుగులో ఇచ్చాం. 27కు 17 వచ్చింది. 15 నుంచి 19 మధ్య వస్తే తీవ్రతకు దగ్గరలో ఉన్నట్టు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి 'కొన్ని రోజులు' అని గుర్తు పెట్టారు. ఈ ప్రశ్నకు సున్నా కాకుండా ఏది వచ్చినా కాగితం పక్కన పెట్టి నోటితో నేరుగా అడగాలి. అడిగితే, "పొద్దున లేవకుంటే బాగుండనిపిస్తది మేడం, గంతే" అన్నారు. పథకం లేదు, గతంలో ప్రయత్నం లేదు. అయినా భార్య ఎదుటే భద్రతా కాగితం రాశాం. ఆలోచన బలపడుతున్నట్టు ముందుగా తెలిసే గుర్తులు, అప్పుడు ఎవరి పక్కన కూర్చోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి, రోజంతా పలికే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 అందులో ఉన్నాయి. సైకియాట్రిస్టును కలవమంటే మొదట వద్దన్నారు. థైరాయిడ్, షుగర్, బీ12 పరీక్షలకు ఒప్పుకున్నారు. వాటిలో తేడా ఏమీ రాలేదు.

మా దగ్గరకు రాకముందే జరిగిన ప్రయత్నం

రెండో సెషన్‌కు ఆయన ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చారు. బంధువొకరు పంపిన వీడియో చూసి, రోజూ పడుకునే ముందు పది మంచి విషయాలు రాయడం మొదలుపెట్టారట. మూడు వారాలు రాశారు. రాసినప్పటి నుంచి నిద్ర ఇంకా చెడింది.

ఆ పుస్తకాన్ని కాస్త వివరంగా చెప్పాలి. మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు, పైన 'శ్రీ'. కొత్త ఖాతా పుస్తకం తెరిచినప్పుడు ఎలా చేస్తారో అలాగే. ఎడమవైపు మనిషి పేరు, మధ్యలో చేసిన మేలు. కుడివైపు అంచున, మొదటి రెండు రోజులు ఖాళీ. మూడో రోజు నుంచి అక్కడ పెన్సిల్‌తో సన్నగా అంకెలు. 'బావమరిది – కష్టంల ఆదుకున్నడు – 1,80,000'. 'కిరాణం సేటు – ఆరు నెలలు ఉద్దెర ఇచ్చిండు – 38,000', అది తీర్చేసిన బాకీ కాబట్టి దాని మీద అడ్డగీత. 'భార్య – గాజులు – 1,60,000'. తొమ్మిదో రోజు నుంచి పేర్ల కింద డిట్టో గుర్తులే, అంకెలు మాత్రం ఏ రోజుకు ఆ రోజు కొత్తగా రాసి ఉన్నాయి.

ఎందుకు రాశారని అడిగితే ఆయనకే ఆశ్చర్యమైంది. "ఎవ్వరిని తల్సుకున్నా ఎంత బాకీ ఉన్ననో గదే యాదికొస్తది. దండం పెట్టుడు పక్కకు, మొఖం ఎట్ల చూపియ్యాలె?"

ఇంటివాళ్ల మాటలు దీనికి తోడు. 'ఏదైనా మన మంచికే', 'కాళ్లు చేతులు బాగున్నయ్, దేవునికి దండం పెట్టుకో'. అన్నవాళ్లు ప్రేమతోనే అన్నారు. ఆయనకు మాత్రం బాధపడే హక్కు కూడా లేదని వినిపించింది. అప్పటికే ఓడిపోయానని అనుకుంటున్న మనిషి, ఇప్పుడు కృతజ్ఞత లేనివాణ్ణి కూడా అయ్యానని అనుకోవడం మొదలుపెట్టారు.

మా ఆలోచన

పెద్ద మేలు జరిగినప్పుడు తెలుగులో మనం ఏమంటాం? 'మీ ఋణం తీర్చుకోలేను', 'జన్మంతా ఋణపడి ఉంటాను'. బాకీలు లేని మనిషి నోట ఇది అందమైన మాట. నెల మొదటి తారీఖున మిత్తి కోసం ఇంటి ముందు బండి ఆగే మనిషికి ఈ పోలిక పోలికలా ఉండదు. మేలు అనగానే బాకీ, బాకీ అనగానే సిగ్గు, సిగ్గుతో పాటు దాక్కోవాలనే తొందర. ఫోన్ ఎత్తకపోవడానికి, పెళ్లిళ్లు మానుకోవడానికి మూలం ఇక్కడే ఉందని అంచనా వేశాం.

ఈ తేడాను పరిశోధన కూడా పట్టుకుంది. ఫిలిప్ వాట్కిన్స్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మేలు చేసినవాడు తిరిగి ఆశిస్తున్నాడని అనిపించే కొద్దీ ఋణభావం పెరిగింది, కృతజ్ఞత తగ్గింది. ఈ రెంటినీ మన భాష ఒకే మాటతో పలికినా, మనసులో అవి ఎదురెదురు దిక్కులకు లాగగలవు. ఋణభావం మనిషిని మేలు చేసినవాళ్లకు దూరం జరుపుతుంది, కృతజ్ఞత దగ్గరికి చేరుస్తుంది.

మనకున్న ఇంకో మాట ఈ కేసులో బాగా పనికొచ్చింది. కృతజ్ఞత అంటే కృతం, జ్ఞత. చేసినది ఎరగడం. అందులో తీర్చడం అనే అర్థం లేదు. 'చేసిన మేలు ఎరిగిన మనిషి' అని పల్లెల్లో అనేది దీన్నే. సెషన్లలో 'కృతజ్ఞత', 'థాంక్స్', 'ఋణం' అన్న మాటలు మానేసి 'ఎరుక' అనే మాట ఒక్కటే వాడాలని అనుకున్నాం. అప్పటికి ఇది మంచి ఆలోచనే గానీ, అమలులో తొందరపడ్డాం. ఆ సంగతి కింద చెబుతాను.

మొదటి నిర్ణయం: పుస్తకం ఆపడం

రెండో సెషన్లోనే నోట్‌బుక్ ఆపించాం. రోజూ రాస్తే ఎక్కువ లాభం అనుకోవడం సహజం. సోంజా ల్యూబోమిర్‌స్కీ, సహచరులు 2005లో చెప్పిన ఫలితం అలా లేదు. వారానికి ఒకసారి రాసినవాళ్లకు మేలు కనిపించింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్లకు కనిపించలేదు. ఎక్కువసార్లు రాస్తే అది హోంవర్కు అవుతుంది, డిట్టో గుర్తులు వస్తాయి. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకలో 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో మొదటిది కూడా వారానికి ఒకసారి, ఐదు విషయాలు, పది వారాల పద్ధతే. రోజుకు పది అన్నది వీడియోలు పెంచిన మోతాదు.

ఇంకో కారణం వేళ. పడుకునే ముందు బాకీల జాబితా లాంటిది చదివితే మూడున్నర మెలకువకు మేతే.

మొదటి నాలుగు వారాలు నిద్ర, దినచర్య మీదే పెట్టాం. మూడున్నర మెలకువ జబ్బు వల్ల మాత్రమే కాదు, పద్నాలుగేళ్ల మార్కెట్ అలవాటు కూడా. మధ్యాహ్నం నిద్ర పోయింది గానీ తెల్లవారుజాము మెలకువ మిగిలింది. దానితో పోట్లాడటం వృథా. మెలకువ వచ్చి సుమారు ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగి, హాల్లో కూర్చుని వెల్లుల్లి వలవడం లాంటి చేతిపని చేసి, నిద్ర వస్తేనే మళ్లీ మంచం మీదకు. లెక్కలు ఆదివారం పొద్దున పది నుంచి పదిన్నర దాకే. మిగతా రోజుల్లో బాకీ ఆలోచన వస్తే చీటీ మీద ఒక్క మాట రాసి డబ్బాలో వేయాలి, ఆదివారం తెరవాలి. నాలుగో వారానికి స్కోరు 15.

విఫలమైనది: ఉత్తరం

మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో పరీక్షించిన పద్ధతుల్లో కృతజ్ఞతా సందర్శనం ఒకటి. సరిగా ధన్యవాదాలు చెప్పలేకపోయిన మనిషికి ఉత్తరం రాసి, వెళ్లి, ఎదురుగా చదవాలి. అప్పట్లో వాళ్లు పోల్చిన వాటిలో వెంటనే ఎక్కువ ఫలితం చూపింది అదే, ఆ ఫలితం నెల దాకా నిలిచింది. ఐదో వారంలో దాన్ని ఎంచుకున్నాం. ఎవరికి అని ఆయన్ని అడిగితే, బావమరిదికి అన్నారు. ఒప్పుకున్నాం.

అది పొరపాటు, ఆయనది కాదు. ఋణభావం ఎవరి దగ్గర ఎక్కువగా ఉందో ఆ మనిషి దగ్గరికే మొదట పంపించాం. ఆయన వెళ్లి హాల్లో నిలబడి ఉత్తరం చదివారు. సగంలో గొంతు పూడుకుపోయింది. బావమరిదికి ఏం చేయాలో తోచక, "గవన్నీ ఎందుకు బావా, నీ తోని అయినప్పుడే ఇయ్యి" అన్నారు. ఊరడింపుగా అన్న మాట అది. ఈయనకు మాత్రం 'ఇయ్యి' ఒక్కటే వినిపించింది. ఆ వారం రెండు రోజులు పనికి వెళ్లలేదు. స్కోరు 19కి ఎక్కింది.

ఇంకో లోపం కూడా ఉంది. మన ఇళ్లలో దగ్గరివాళ్లకు ఎదురుగా నిలబడి ధన్యవాదాలు చెప్పడం వాడుక కాదు. అమ్మకో బావమరిదికో థాంక్స్ చెబితే పరాయిని చేసినట్టుంటుంది. ఎదుటివాళ్లు ఇబ్బంది పడతారు, ఆ ఇబ్బంది చూసి చెప్పినవాళ్లు ఇంకా కుంగుతారు. పద్ధతిని యథాతథంగా దించుకుంటే జరిగేది ఇదే.

ఆ వారమే చావు ఆలోచనలు మళ్లీ అడిగి చూశాం, భద్రతా కాగితం తిరిగి చదివాం, ఈసారి సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లడానికి ఒప్పుకున్నారు. మందు మొదలైంది. కాబట్టి దీని తర్వాత వచ్చిన మెరుగుదలలో మందు వాటా ఎంతో, ఈ అభ్యాసాల వాటా ఎంతో విడదీసి చెప్పలేను. మందు కుదురుకున్నాకే మిగతావి చేయగలిగారన్నది మాత్రం నిజం.

తిరిగి మొదలు: ముందు పోయినవాటి లెక్క

ఏడో వారం నుంచి వరస మార్చాం. పోయినదాన్ని పోయిందని ఒప్పుకోనివ్వకుండా ఉన్నదాన్ని చూడమంటే మనిషి చూడలేడు. జేమ్స్ పెన్నెబేకర్ 1980ల నుంచి పరిశీలించిన రాత పద్ధతి తీసుకున్నాం: వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, ఎవరికీ చూపించనక్కర్లేదు, అక్షరదోషాలు పట్టించుకోనక్కర్లేదు. షరతు ఒక్కటే: మంచి మాటతో ముగించకూడదు. ఈ షరతు పెన్నెబేకర్‌ది కాదు, ఈయన కోసం పెట్టింది. 'అయినా దేవుని దయ' అని చివర అతికించే అలవాటు ఆయనకు బలంగా ఉంది.

డబ్బు పోవడం కంటే ఎక్కువ చోటు తీసుకున్నది వేరే విషయమని ఆయనే తర్వాత చెప్పారు. మెస్‌లో మెనూ ఇంకెవరో నిర్ణయిస్తారు. పద్నాలుగేళ్లు ఉప్పు ఎంతో తనే చెప్పిన మనిషికి, ఇప్పుడు రాసిచ్చిన కొలత చూసి వేయాలి. ఈ నష్టం ఏ బాకీ జాబితాలోనూ లేదు. అందుకే ఎవరూ దాని గురించి ఊరడించలేదు.

బాకీల కాగితం

తర్వాత బాకీలకు వాటి చోటు చూపించాం. ఒక ఆదివారం భార్యాభర్తలు కలిసి ఒకే తెల్ల కాగితం మీద రాశారు: ఎవరికి, ఎంత, మిత్తి ఎంత, నెలకు ఎంత, ఆఖరి తారీఖు. డబ్బు సలహా మా పని కాదు, ఇవ్వలేదు కూడా. కాగితం అడగడానికి కారణం, మనసులో తిరిగే బాకీకి అంచు ఉండదు, కాగితం మీది బాకీకి ఉంటుంది. అప్పటిదాకా ఆయన తలలో మొత్తం 'పన్నెండు పదమూడు లక్షలు' అని ఉంది. కూడితే 8,80,000.

భార్య ఆ కాగితం చూసి, "గిరివిలున్న బంగారం బంగారమా? అమ్మేద్దాం" అన్నారు. గిరివి విడిపించి అమ్మగా మిగిలిన లక్షను మూడు రూపాయల మిత్తి బాకీలో కట్టారు. నెలకు మూడు వేల మిత్తి తగ్గింది. ఆ నిర్ణయం ఆవిడది.

పనిచేసినది: వారానికి ఒక్క ఎరుక

పదో వారానికి స్కోరు 14. అప్పుడు మళ్లీ రాత మొదలుపెట్టాం, వేరే రూపంలో. జేబులో పట్టే చిన్న పుస్తకం, అంకెలు రాసే గడి ఉండకూడదు, పసుపు పెట్టకూడదు. గురువారం సాయంత్రం, పది నిమిషాలు. ఆదివారం ఎందుకు కాదంటే అది బాకీల రోజు, రెండూ ఒక గదిలో ఉండకూడదు. వారానికి ఒకే సంఘటన.

ఎంపికకు రెండు నియమాలు. ఒకటి, ఆ మనిషికి డబ్బు బాకీ ఉండకూడదు. రెండు, ఫోన్లో వీడియో తీసి ఉంటే కనిపించే పనే రాయాలి. 'మంచోడు' కనిపించదు, 'తలుపు పట్టుకున్నాడు' కనిపిస్తుంది. రాసేటప్పుడు నాలుగు విషయాలు రావాలి: ఏం చేశారు, అందుకు వాళ్లకు ఏం ఖర్చైంది, చేయకపోతే ఏమయ్యేది, అది నాకు తెలిసిందని వాళ్లకు తెలుసా.

మొదటి రెండు వారాలు పనికిరాలేదు. 'మెస్‌ల అందరూ మంచిగనే చూస్తున్నరు' అని రాసుకొచ్చారు. వీడియో పరీక్ష మళ్లీ చెప్పి, ఆ వారంలో మెస్‌లో గిన్నె మాడిందా, గ్యాస్ అయిపోయిందా, కరెంటు పోయిందా అని అడిగాం. తప్పు జరిగే చోటే ఎవరో ఒకరు చెయ్యి వేస్తారు, అక్కడ వెతకడం తేలిక. కష్టంలో మేలు వెతకడమంటే మా దృష్టిలో ఇంతే. కష్టం మంచిదని ఒప్పించడం దీనిలో లేదు. మూడో గురువారం రాసింది ఇది, ఆయన అనుమతితో, ఆయన భాషలోనే:

"మంగళారం పప్పు అడుగంటింది. నేను ఫోన్ల ఉన్న. పిలగాడు గంటె పెట్టి కలపకుండ పైపైన తీసి ఇంకో గిన్నెల పోసిండు. కలిపితె అరవై మంది పప్పు మొత్తం మాడు వాసనొచ్చు, వార్డెన్ నన్ను పిల్చు. వాని చాయ్ టైము పోయింది. వాడు నాకు చెప్పలే, మాడు గిన్నె చూసి నాకే తెల్సింది. తెల్సిందని వానికి ఇంక చెప్పలే."

చివరి వాక్యం మీదే ఆ సెషన్ సగం గడిచింది. చెప్పమంటే ఉత్తరం భయం తిరిగి వచ్చింది. అందుకే చెప్పే తీరు మార్చాం: ధన్యవాదం వద్దు, పొగడ్త వద్దు, జరిగిన పనిని జరిగినట్టు ఎదుటివాళ్లకు వినిపించడం చాలు. మర్నాడు పొయ్యి దగ్గర, "మొన్న పప్పు కలపకుండ తీసినవ్ గద, ఎక్కడ నేర్సినవ్?" అన్నారట. ఆ కుర్రాడు వాళ్ల అమ్మ పెళ్లివంటలకు వెళ్తుందని చెప్పాడు. ఆ రోజు నుంచి మెస్‌లో అరుపులు తగ్గాయని చెప్పింది కూడా ఆ కుర్రాడే, ఆయన ద్వారా.

తీసేసి చూడటం

పద్నాలుగో వారంలో ఇంకో అభ్యాసం. మిన్‌క్యుంగ్ కూ, సహచరులు 2008లో ప్రచురించిన పనిలో, తమ జీవిత భాగస్వామి తమకు ఎలా తారసపడకుండా పోయి ఉండేవారో రాసినవాళ్లు, ఎలా కలిశారో రాసినవాళ్ల కంటే ఎక్కువ తృప్తి చెప్పారు. ఉన్న మంచిని ఊహలో తీసేసి చూడటం అన్నమాట.

'కర్రీ పాయింట్ అసలు లేకపోయి ఉంటే' అని రాయమన్నాం. ఆయన రాసింది: 'మడిగె లేకుంటే బాకీలే లేకుండె.' ఎక్కడ తప్పామో వెంటనే తెలిసింది. మంచీ చెడూ కలిసి ఉన్న పెద్ద విషయాన్ని తీసేయమంటే మనసు చెడునే తీసేసి చూసుకుంటుంది. తీసేయాల్సింది చిన్నదై ఉండాలి, మంచిదని ఆయనే ఒప్పుకున్నదై ఉండాలి. రెండోసారి మడిగె వదిలేసి, మొదటి హోటల్లో వంటమాస్టరును తీసేసి చూడమన్నాం. ఆ మాస్టరు ఒకరోజు జ్వరంతో కూర్చుని, హెల్పరు చేతికి గరిటె ఇచ్చారు. అది జరగకపోయి ఉంటే? పదిహేను నిమిషాలు అన్నది నలభై నిమిషాలు రాశారు. వంద మందికి పది పన్నెండు కేజీల బియ్యం అని కంటితో చెప్పగలిగే చెయ్యి తనకు ఇంకా ఉందని, అది ఏ బాకీ కింద పోలేదని అందులో రాసుకున్నారు. అది మేం చెప్పిన మాట కాదు.

ఆ సెషన్లో ఏడ్చారు. ఆపలేదు. ఈ అభ్యాసం స్కోరు 12 కంటే కిందికి వచ్చాకే చేయించాం. అంతకు ముందు చేయిస్తే తీసేసిన ఊహ దగ్గరే ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది.

బాకీ ఉన్నవాళ్ల విషయం

చివరికి వదిలేసినవాళ్లు ఇద్దరు: భార్య, బావమరిది. పదహారో వారానికి స్కోరు 9, అప్పుడు తీసుకున్నాం. డబ్బు బాకీ లేని మనిషినే రాయాలన్న నియమాన్ని కొద్దిగా సడలించాం: బాకీ ఉన్న మనిషే అయినా, డబ్బు కాని పని రాయాలి.

బావమరిది గురించి వెతికితే ఒక రాత్రి దొరికింది. పాత మడిగె ఖాళీ చేసిన రోజు, పదకొండు గంటలకు, వానలో, ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చి పెద్ద గంగాళాలు తనే ఎత్తారట. ఈసారి ఉత్తరం లేదు, సందర్శనం లేదు. ఒక దశదినకర్మ భోజనాల్లో పక్కపక్కన కూర్చున్నప్పుడు, "ఆ రాత్రి గంగాళం నువ్వు పట్టకుంటె రోడ్డు మీదనే ఉండు" అన్నారు. "అబ్బ, గా వాన యాదున్నదా బావా, నా చెప్పు నాలల కొట్కపోయింది" అని ఆయన నవ్వారట. మాట వాన మీదికి వెళ్లింది, డబ్బు మీదికి రాలేదు. వెళ్లకుండా ఉండిపోయిన పెళ్లిళ్ల తర్వాత ఆయన నలుగురిలో కూర్చుని తిన్న మొదటి భోజనం అది.

భార్యతో చెప్పింది గాజుల సంగతి కాదు. ఎండాకాలం కరెంటు పోయిన రాత్రుల్లో ఫోన్ లైటు పెట్టుకుని ఫాల్ కుట్టినందుకే కూతురు ఫీజు తారీఖు తప్పలేదని చెప్పారు. ఆవిడ, "గిప్పుడెందుకు గవన్నీ" అని సూదిలో దారం ఎక్కించమని ఆయన చేతికిచ్చారు. దారం ఎక్కించి ఇచ్చారట. మా నోట్స్‌లో ఆ సెషన్ కింద ఉన్నది ఈ రెండు వాక్యాలే.

ఎవరికి వద్దు

ఇంకొందరితో ఇదే వరస వాడాక స్థిరపడిన అభిప్రాయాలు ఇవి. పీహెచ్‌క్యూ-9 స్కోరు 15, ఆపైన ఉంటే కృతజ్ఞతా అభ్యాసాలతో మొదలుపెట్టం. నిద్ర, భద్రత, వైద్యుడు ముందు. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే అసలు చేయించం. అక్కడ మేలు వెతకడమంటే హింసకు సర్దుకోవడమే అవుతుంది. చావు జరిగిన మొదటి వారాల్లో అడగం. ఇంకెవరో చేయమన్నందుకు వచ్చినవాళ్లతో, ముందు ఆ 'చేయమన్నది' ఎలా తాకిందో మాట్లాడాకే.

కష్టం తెచ్చినవాళ్లకు కృతజ్ఞత చెప్పమని కూడా అడగం. ఈ కేసులో బిల్డింగ్ ఓనరు పేరు చిన్న పుస్తకంలో ఎప్పుడూ రాలేదు, రావాల్సిన అవసరమూ లేదు. నెల గడువు అన్యాయమని ఆయన ఇప్పటికీ అంటారు, అది నిజం కూడా. ఆ కోపం మెరుగుదలకు అడ్డు రాలేదు.

మొదటి సెషన్లోనే అప్పుల గురించి వివరంగా అడగడం ఇప్పుడు మా ఇంటేక్ ఫారంలో చేర్చాం: ఎంత, మిత్తి ఎంత, అందులో బంధువులవి ఎంత. బంధువుల బాకీ చిన్నదైనా సిగ్గు అక్కడే ఎక్కువగా ఉంటోంది.

తర్వాత

ఏడు నెలల్లో 16 సెషన్లు. ఆఖరి స్కోరు 6. తొమ్మిదో ప్రశ్నకు సున్నా. మందు ఎప్పుడు తగ్గించాలన్నది సైకియాట్రిస్టు చూస్తున్నారు.

ఆరు నెలల తర్వాత ఫాలోఅప్‌కు వచ్చారు. చిట్టీ ఒక్క వాయిదా మిగిలింది. మిత్తి బాకీ 2,60,000కు దిగింది. బావమరిదికి ఇవ్వాల్సింది అంతే ఉంది, చిట్టీ అయిపోయాక నెలకు ఐదు వేలు అని ఇద్దరూ మాట్లాడుకున్నారు. మూడున్నరకు మెలకువ ఇంకా వారంలో రెండు మూడు రోజులు వస్తోంది. గురువారం రాత సెషన్లు ముగిశాక నాలుగో నెలలో ఆపేశారు. రాయకపోయినా మెస్‌లో కంట పడుతోందని చెప్పారు. మళ్లీ రాయమని మేం అనలేదు.

పాత గల్లీ వైపు ఇంకా వెళ్లలేదు. అక్కడ ఇప్పుడు సెల్లార్ తవ్వుతున్నారని మాత్రం ఎవరినో అడిగి తెలుసుకున్నారు.